గొంతు సరిపోలలేదు

812వ రోజు

డాక్టర్ షబానా రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకీ రాతకోతలతో పనేముంది? "అక్కా, నీకేం యాదికుంటలేదు. ఏం తిన్నవ్, ఎంత పండుకున్నవ్, ఒళ్ళెట్లున్నది, అన్నీ రాసిపెట్టు" అంది. సరే. పేరు మంగతాయారు, వయసు నలభై ఆరు. చంద్రుడి మీద మూడో గొయ్యిలో, ఉత్తరం తలుపు దగ్గర పిలుపుమనిషిని. పైన వేసింది నేనీ పనిలో చేరిన రోజుల లెక్క.

ఒళ్ళెలా ఉందంటే, చలి. ఆ మాట ఇక్కడ ఎవరితో అన్నా నవ్వుతారు. ఎండ మొహం చూడని గొయ్యిలో మంచు కోసుకుని బతికేవాళ్ళం, చలేస్తోందని ఎవరితో చెప్పుకుంటాం? అందరికీ చలే. అందరికీ ఒళ్ళు పొడిబారుతుంది, అందరికీ నీరసమే. నా జబ్బు ఏడాది పాటు ఆ గుంపులో కలిసి దర్జాగా తిరిగింది. కానీ మా ఆయన బనీనుతో తిరిగే గదిలో నేను మూడు కంబళ్ళు కప్పుకుని వణుకుతున్నాను. దువ్వెన నిండా జుట్టే. తొమ్మిది కిలోలు పెరిగాను. ఇక్కడి తూకంలో అది కిలోన్నరేనని మా ఆయన ఓదార్పు. ఆయన ఓదార్పులు ఇలాగే ఉంటాయి.

నా పని చెప్పుకోవడానికి చిన్నది. మంచు కోతకు ఆరుగురు బయటికి వెళ్తారు. తిరిగొచ్చి తలుపవతల నిలబడతారు. నేను మెడకు పట్టీ కట్టుకుని ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తాను, వాళ్ళు రేడియోలో పలుకుతారు. ఆరు పేర్లూ నా గొంతుతో పిలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్క పేరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి పిలవాలి. పట్టీ గొంతులోని అదురును పట్టుకుంటుంది కనుక రికార్డు చేసి వినిపించినా లాభం లేదు. పాతికేళ్ళ కిందట ఈ తలుపుకి ఇద్దరు పిలుపువాళ్ళుండేవారట. నువ్వు పిలిచావనుకున్నానని ఈవిడ, నువ్వు పిలిచావనుకున్నానని ఆవిడ. ఒక మనిషి బయటే ఉండిపోయాడు. అప్పటి నుంచి ఒక తలుపుకి ఒకటే గొంతు.

ఆ ఆరుగురిలో ఆఖరివాడు మా ఆయన సూరిబాబు. ఇంట్లో ఆయన పేరు నా నోట రాదు, "ఏవండీ" అనే అంటాను. మా అమ్మ చేసిన అలవాటు. తలుపు దగ్గర మాత్రం రోజూ గొంతెత్తి పేరుపెట్టి పిలుస్తాను. అందులో నాకో సంబరం ఉందని ఆయనకి తెలుసు. తెలియనట్టు ఉంటాడు.

819వ రోజు

ఈ పూట తలుపు నన్ను గుర్తుపట్టలేదు. మూడో పేరు దగ్గర ఎర్రదీపం వెలిగింది. "గొంతు సరిపోలలేదు" అంది యంత్రం, నేనెవరో దొంగనైనట్టు. మళ్ళీ మొదటి నుంచి పిలిచాను. ఈసారి తెరుచుకుంది. బయట కోత జట్టు పెద్ద నర్సింగం రేడియోలో నవ్వాడు. "ఏందక్కా, ఇంట్ల అన్నతోని లొల్లి పెట్టుకున్నవా? తలుపు తీస్తలేవు!"

నేనూ నవ్వాను. పట్టీ విప్పి నేరుగా షబానా దగ్గరికి వెళ్ళాను.

నా గొంతు బొంగురుపోయిందని రెండు నెలలుగా తెలుసు. జలుబనుకున్నాను. షబానా నెత్తురు తీసి, చూసి, నన్ను కూర్చోబెట్టింది. మెడ ముందు భాగంలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుందని, అది నిద్రపోతోందని చెప్పింది. "టీఎస్‌హెచ్ నాలుగు లోపట ఉండాలె. నీది అరవై ఒకటి" అంది.

"అంటే ఎక్కువ పనిచేస్తున్నట్టా?"

"కాదక్కా. మెదడు ఆ గ్రంథిని లే, లే అని తడ్తది. అది లేవకుంటె ఇంక గట్టిగ తడ్తది. గా తట్టుడే ఈ అరవై ఒకటి."

రెండు దారులు చెప్పింది. ఒకటి, రోజూ పొద్దున్నే ఒక మాత్ర, బతికినన్నాళ్ళూ. ఆ మాత్రలు భూమి నుంచి ఓడలో రావాలి. రెండోది, నా కణాలతోనే కొత్త గ్రంథిని పెంచి ముంజేతి చర్మం కింద నాటడం. నలభై ఐదు రోజులు మంచం మీదే. రెండో గొయ్యిలో నలుగురికి నాటితే ముగ్గురు బాగున్నారు. నాలుగో ఆవిడకి అది రెచ్చిపోయిందట. చేతులు వణుకు, గుండె దడ, నిద్ర లేదు. చివరికి మందుపెట్టి దాన్ని చంపాల్సొచ్చింది.

నాకు రెండూ భయమే. మంచమెక్కితే తలుపు ఇంకొకరికి ఇవ్వాలి, మా ఆయన పేరు ఇంకెవరో పిలవాలి. ఆ మనిషి పరధ్యానంలో ఉంటే? పోనీ నేనే ఉంటానంటే, నిన్న పొయ్యి మీద పాలు పెట్టి ఎందుకు నిలబడ్డానో మర్చిపోయినదాన్ని. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు. మేముండేదే గొయ్యిలో.

మాత్రే అన్నాను. "పొద్దుగాల మొట్టమొదలు ఏసుకో, పరగడుపున" అంది షబానా.

మొట్టమొదట అంటే మాకు తొలి జావే. బయటికి వెళ్ళే ఆరుగురూ, పిలుపుమనిషీ తలుపు గదిలో కూర్చుని ఒకే గిన్నెలోంచి జావ పోసుకుని తాగుతాం. దానికంటే ముందు నోట్లో చుక్క నీళ్ళు కూడా పోసుకోకూడదు. ఒక గిన్నె తాగినవాళ్ళు ఒకరినొకరు బయట వదిలి రారని నమ్మకం. మర్నాటి నుంచి మొదటి గుక్కతో మాత్ర మింగడం మొదలుపెట్టాను.

860వ రోజు

నలభై రోజులు. ఒక్క మాత్ర తప్పలేదు. టీఎస్‌హెచ్ యాభై ఏడు.

షబానా కాగితం రెండుసార్లు చూసి మోతాదు రెట్టింపు చేసింది. మొన్న నాలుగో పేరు దగ్గర ఆగిపోయాను. గొంతు కాదు, పేరే గుర్తురాలేదు. రాజమౌళి, నాకు తొమ్మిదేళ్ళుగా తెలిసిన మనిషి. అరనిమిషం పాటు నా తల్లో తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. బయట అతను పిలుపు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. నిన్న మూడుసార్లు ఎర్రదీపం. జట్టు నాలుగు నిమిషాలు బయటే ఉంది. ఈసారి నర్సింగం నవ్వలేదు.

భోజనం దగ్గర మా ఆయన కంచంలోకి చూస్తూ అన్నాడు. "తాయారూ, తలుపు ఒదిలేయకూడదేంటే?"

"మీ పేరు ఇంకెవరైనా పిలిస్తే పలుకుతారా?"

"పలక్క చత్తానా?"

"ఆ మాట అనకండి" అని కంచం తోసేశాను. తర్వాత ఆయన పడుకుని గుర్రుపెడుతుంటే పక్కన కూర్చుని ఏడ్చాను. ఏదో ఒక రోజు నేను ఐదు పేర్లు పిలిచి ఆరనుకుంటాను. నాకున్న భయమల్లా ఇదొక్కటే, మిగతావన్నీ దీని పిల్లలు.

871వ రోజు

తొంభై రోజులకోసారి తలుపుకి రెండు రోజుల విరామం ఉంటుంది. గొంతు మార్చాలన్నా, మనిషిని మార్చాలన్నా ఆ రెండు రోజులూ తలుపు మూసే చెయ్యాలి. నా బొంగురు గొంతునే కొత్తగా ఎక్కించడానికి గొయ్యి వ్యవహారాలు చూసే సంఘం ఒప్పుకుంది. పాతది చెరిపేశారు. ఈ తలుపు రోజురోజుకీ నేర్చుకోదు. నేర్చుకునే తలుపు తప్పు కూడా నేర్చుకుంటుందని పెద్దలు అలాగే చేయించారు.

నాలుగు గంటలు పేర్లు పిలిచాను. పచ్చదీపం వెలిగింది. ఇక భయం లేదన్నారు అందరూ. నాకు మాత్రం జబ్బుకి నా కుర్చీ ఇచ్చినట్టనిపించింది.

మాత్రలు నాకు పనిచెయ్యట్లేదని షబానా తేల్చేసింది. నాటు 890న. తలుపుకి పిలుపుమనిషిని వచ్చే విరామంలో మారుద్దామని, అప్పటి దాకా నన్ను మంచంతోనే తలుపు దగ్గరికి తెచ్చే ఏర్పాటు చేస్తామని అన్నారు. చేతిలో ఇంకొకటి పెరుగుతుందంటే ఇప్పటి నుంచే ముంజెయ్యి దురదపెడుతోంది.

884వ రోజు

నాటుకి ముందు రక్తపోటు చూడాలని షబానా పొద్దున్నే తలుపు గదికే వచ్చింది. మేం జావ తాగుతున్నాం. నేను మాత్ర నాలుక మీద పెట్టుకుని గిన్నె ఎత్తాను.

"ఆగు! ఏందది?"

"జావ."

"దేంతోని చేసిన్రు?"

"సోయా పిండి. అందులో ఎముకల పొడి." ఇక్కడి తేలిక బరువుకి ఎముకలు గుల్లబారకుండా అందరం తాగే కాల్షియం పొడి అది.

ఆమె నెత్తి కొట్టుకుంది. "అరవై ఐదు దినాల సంది గిట్లనే మింగుతున్నవా? అక్కా, సోయా, ఆ పొడి, రెండూ గోలీని పేగులల్లనే పట్టుకుంటయ్, నెత్తుర్లకు పోనియ్యవు. నువ్వు గోలీ ఏసుకుంటలేవు. జావకు ఏస్తున్నవ్!"

"పరగడుపున అన్నావుగా. జావకి ముందు ఏమీ ముట్టం కదా మేము."

"నాకేమెరుక మీ కట్టుబాటు? నేను ఆస్పత్రిల చాయ్ తాగేదాన్ని!"

చేతిని కోయించుకోబోయాను, ఒక గిన్నె జావ వల్ల. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. నాటు ఆపేశారు. ఇకనుంచి లేవగానే మంచినీళ్ళతో మాత్ర, గంట ఆగి పొడి కలపని జావ, పొడి మధ్యాహ్నం తర్వాతే. మరి జావకి ముందు నోట్లో ఏమీ పడకూడదే? నేను నర్సింగం వైపు చూశాను. అతనే ఆ నియమానికి పెద్ద.

"నువ్వు మింగక్కా. ఏమన్న పాపముంటె నా మీద ఏస్కుంట" అన్నాడు.

917వ రోజు

టీఎస్‌హెచ్ ఆరు! మధ్యలో వారం రోజులు గుండె దడదడలాడి హడలిపోయాను. రెట్టింపు మోతాదు ఒక్కసారిగా ఒంటికి పడుతోందని షబానా తగ్గించింది. ఇప్పుడు ఒక కంబళి చాలు. కాళ్ళు వెచ్చగా ఉన్నాయి. నిన్న మా ఆయన ఏదో అంటే ఠక్కున ఎదురుమాట వచ్చింది, నాకే ఆశ్చర్యం. ఎన్నాళ్ళయిందో నాకు మాట తోచి.

ఈ పూట ఆయన చొక్కా మడతపెడుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు.

"నీ గొంతు ఒచ్చేసిందే తాయారూ! పెళ్ళినాటి గొంతు!"

ఆయన మొహం వెలిగిపోతోంది. నా చేతుల్లోంచి చొక్కా జారిపోయింది. ఆ గొంతుని చెరిపేశాం కదా. తలుపుకి తెలిసింది నా జబ్బు గొంతొక్కటే.

918వ రోజు

మధ్యాహ్నం జట్టు తిరిగొస్తే రెండుసార్లు ఎర్రదీపం. గడ్డం గుండెకి ఆనించి, గొంతు నొక్కిపట్టి పిలిస్తే మూడోసారి తెరుచుకుంది.

సంఘం కూర్చుంది. తలుపు రెండు రోజులు మూయాలంటే తొట్లలో నీళ్ళు లేవు. మంచు లేకపోతే నీళ్ళూ లేవు, గాలీ లేదు. విరామం దాకా ఆగకుండా, తొట్లు నింపుకుని 934న మూద్దామన్నారు. అంటే ఇంకా పదహారు రోజులు. చేత్తో తిప్పే చక్రం ఉంది, కానీ దాంతో తలుపు తెరవాలంటే నలభై నిమిషాలు పడుతుంది. అందుకని రోజూ జట్టు వెళ్ళేముందు నా గొంతు పరీక్షించి, పచ్చదీపం వెలిగితేనే పంపాలన్నారు.

నేను షబానా దగ్గరికి పరుగెత్తాను. "మాత్ర మానేస్తాను. పదహారు రోజులే కదా."

"బంద్ చేస్తె రేపటికి బొంగురు వస్తదనుకున్నవా? ఒంట్ల నుంచి పోవుటానికే వారాలు పడ్తది. గొంతు చెడేలోపల నీ మతి చెడ్తది. మళ్ళ పేర్లు మర్చిపోతవ్. ఏది నయం, చెప్పు?"

పేర్లు గుర్తుండే మనిషికి తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకునే మనిషికి పేర్లు గుర్తుండవు. బాగుపడటానికి ఇంత భయపడే ఆడది నేను తప్ప ఇంకొకతె ఉండదు.

926వ రోజు

పొద్దున్నే నిద్రగొంతు కనుక పరీక్ష నెగ్గుతున్నాను. అందరూ "భేష్" అని వెళ్ళిపోతారు. మధ్యాహ్నానికి గొంతు విచ్చుకుంటుంది. అప్పటి దాకా ఎవరితోనూ మాట్లాడకుండా, చల్లటి నీళ్ళు తాగుతూ కూర్చుంటున్నాను. రోజూ నాలుగైదు ఎర్రదీపాలు. ఇంకా ఎనిమిది రోజులు.

931వ రోజు

ఇది షబానా గదిలో కూర్చుని రాస్తున్నాను. నర్సింగం పక్క మంచం మీద ఉన్నాడు. చెయ్యి మోచేతి దాకా గడ్డకట్టింది. బతుకుతాడు.

కోతకి వెళ్ళిన గంటన్నరకే రేడియో మోగింది. రంపం జారి నర్సింగం గాలికోటు చెయ్యి చిరిగిందని, మా ఆయన ఆ చిరుగుని రెండు చేతులతో బిగించి పట్టుకుని నడిపించుకొస్తున్నాడని. తలుపు దగ్గరికి వచ్చేసరికి నర్సింగానికి పదకొండు నిమిషాల గాలి ఉంది.

పట్టీ కట్టుకుని మొదటి పేరు పిలిచాను. "బుచ్చిలింగం!"

గంట కొట్టినట్టు వచ్చింది. ఎర్రదీపం. గడ్డం దించి పిలిచాను, ఎర్రదీపం. గొంతు నొక్కుకుని పిలిచాను. బుచ్చిలింగం దాటింది, ఓబులేసు దగ్గర పోయింది. అన్నాళ్ళూ సాధన చేసిన కిటుకులన్నీ నీటిమూటలయ్యాయి. చక్రం దగ్గర నలుగురు అప్పటికే తిప్పడం మొదలుపెట్టారు. ఎనిమిది నిమిషాలు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోవడానికి వ్యవధి లేక ఏడుస్తూనే పిలిచాను.

"బుచ్చిలింగం." పచ్చదీపం.

వెక్కుతూ పిలిచాను. "ఓబులేసు. ఫాతిమా. రాజమౌళి." పచ్చ, పచ్చ, పచ్చ. ఏడుపుకి మూసుకుపోయిన గొంతుని తలుపు నేననే అనుకుంటోంది.

"నర్సింగం."

"ఉన్న... అక్కా." నూతిలోంచి వచ్చినట్టుంది. పచ్చ.

ఇంతలో రేడియోలో మా ఆయన. "ఏడవకే తాయారూ. ఇక్కడే ఉన్నాను కదేంటి. అయిపోయింది, నా ఒక్క పేరే."

ఆ మాట విని గుండె కుదుటపడింది. కుదుటపడిన గుండెతో పిలిచాను. "సూరిబాబు!"

ఎర్రదీపం. మళ్ళీ మొదటి నుంచి.

ఐదు నిమిషాలు. ఏడుపు కోసం వెతుక్కోనక్కర్లేదు, అది ఉంది. ఐదు పేర్లూ దాటాయి. ఈసారి నర్సింగం పలకలేదు. బదులుగా మా ఆయన పలికాడు. "ఈడు మాట్లాడలేడే, నేను పట్టుకునే ఉన్నాను. నువ్వు పిలు." ఆయన గొంతు వింటే చాలు, నా గొంతు తేటపడిపోతోంది. ఇరవై రెండేళ్ళ అలవాటు, నేనేం చెయ్యను? పిలిచాను. ఎర్రదీపం.

తర్వాత ఆయన నెమ్మదిగా అన్నాడు. "తాయారూ, ఇను. నా గొంతు ఇంటే నీకు ధైర్యం ఒచ్చేత్తంది. అదే మనకి అడ్డం. నేనింక మాట్లాడను. నేను లేననుకో. లేనోణ్ణి పిలిచినట్టు పిలు."

"ఏవండీ, వద్దండీ..."

ఆయన గడ్డంతో మీట నొక్కి రేడియో కట్టేశాడు. ఆ చిన్న టక్కుమన్న చప్పుడు తర్వాత ఏమీ లేదు.

బుచ్చిలింగం, ఓబులేసు, ఫాతిమా, రాజమౌళి, నర్సింగం. ఐదు పచ్చదీపాలు. ఆరో పేరుకి నోరు తెరిచాను. ఆయన లేడనుకున్నాను. ఆ కంచం ముందు, ఆ మంచం మీద, ఆ గుమ్మంలో ఇక ఎప్పుడూ ఉండడనుకున్నాను. అలా అనుకోకూడదు, ఎవరి పెళ్ళామూ అనుకోకూడదు. నేను నిజంగా అనుకుని పిలిచాను. నా నోట్లోంచి వచ్చింది నేనెప్పుడూ వినని గొంతు.

పచ్చదీపం వెలిగింది.

బయటి తలుపు తెరుచుకుని, వాళ్ళు లోపలికి వచ్చి, గదిలో గాలి నిండటానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ రేడియోలో ఎవరూ పలకలేదు. లోపలి తలుపు తెరుచుకోగానే నర్సింగాన్ని ఎత్తుకుని పరుగెత్తారు. నేను గోడ పట్టుకుని నిలబడి ఉన్నానట. మా ఆయన వచ్చి, హెల్మెట్ తీసేసి, చల్లటి చేతులతో నా మొహం పట్టుకుని, "ఏమే, ఒచ్చేశానే, ఇదిగో నేనే" అంటున్నాడట. నేను మాత్రం ఆయన మొహంలోకి చూస్తూ ఆయన పేరు ఇంకా పిలుస్తూనే ఉన్నానట.